థౌ తాత కొలిచేటప్పుడు కుక్కర్లు బంద్

థౌ తాత పోయిన పదకొండో రోజు భోజనాల దగ్గర ఒక విచిత్రం జరిగింది. విస్తరిలో గారె పడగానే వరసలో కూర్చున్నవాళ్లంతా, ఎవరూ చెప్పకుండానే, దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నిలబెట్టి ఒక కన్ను మూసి చూశారు. విశాఖపట్నం నుంచి వచ్చిన ఆయన తోడల్లుడికి ఈ సంగతి తెలియదు. గారెల్లో ఏదో పడిందనుకుని విస్తరి పక్కకి నెట్టేశాడు. అది చూసి వంటవాడు పరుగెత్తుకొచ్చాడు.

"ఏటి బాబూ, ఏటి పడింది?"

"ఏటీ పడలేదు. మందం సూస్తన్నారు," అంది గుమ్మంలో గోడకి ఆనుకుని కూర్చున్న అత్త, అంటే థౌ తాత భార్య. అని ముందు తనే నవ్వింది. నవ్వు మధ్యలో ఏడుపొచ్చింది. ఏడుపు మధ్యలో, "ఆ సివర ఆకులో నెయ్యి పడనేదురా!" అని కేకేసింది.

ఆయనకీ ఒక అసలు పేరుంది. ఆ ఉదయం పంతులుగారు మంత్రంలో ఆ పేరు చదివితే, ఎవరిదో అనుకుని సగం లైను అటూ ఇటూ చూసింది. లైనంటే, పై రాష్ట్రంలో ఉన్న ఈ రైల్వే ఊళ్లో మా ఓల్డ్ సెటిల్‌మెంట్ క్వార్టర్ల వీధి. మాకు ఆయన థౌ తాతే. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్లు మాట్లాడుకునే కొలత అది. రిటైరయ్యాక అందరూ వర్క్‌షాపుని అక్కడే వదిలేసి ఇంటికొస్తారు, ఈయన థౌలని వెంటబెట్టుకుని వచ్చాడు. మా మావగారికి తమ్ముడి వరస కాబట్టి మా ఆయన బాబాయ్ అనేవాడు, నేను మావయ్య అనేదాన్ని.

లోకంలో ప్రతిదానికీ ఒక గోడ ఉంటుందనీ, దాని మందం తెలిస్తే దాని గుణం తెలుస్తుందనీ ఆయన సిద్ధాంతం. దోసె పెడితే ముందు అంచు పట్టుకుని నలిపి చూసేవాడు. "అంచు పది థౌ, నడుమ నలభై. నడుమ ఉడకనేదు."

"నోట్లో ఎట్టుకోండి, లెక్కలో కాదు," అనేది అత్త.

టీ కొట్లో ప్లాస్టిక్ కప్పు ఇస్తే ముట్టేవాడు కాదు. మట్టి భాఁడ్ కావాలి. "గోడున్న కప్పంటే ఇదిరా," అని చుట్టుపక్కల వాళ్లకి చెప్పి, తాగాక దాన్ని పారేయడానికి మనసొప్పక జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చేవాడు. వాళ్ల పెరటి గోడ మీద భాఁడ్లు బారులు తీరి ఉండేవి. పెళ్లికార్డు వస్తే అక్షరం చదవకుండా అట్ట మందం చూసి భోజనాలు ఎలా ఉంటాయో జోస్యం చెప్పేవాడు. ఒక్కటీ నిజం కాలేదు. అట్ట మందంగా ఉన్న పెళ్లిలో పులిహోరా పెరుగన్నమూ పెట్టి పంపేశారు. ఎగతాళి చేస్తే, "అట్టలో మోసం ఉంది, నా కొలతలో నేదు," అన్నాడు. ఆయనకి వినయం అనే జబ్బు ఎప్పుడూ రాలేదు.

ఇదంతా మాకు కాలక్షేపం. ఆయనకి పేరు తెచ్చింది మాత్రం తుపాకులు. ఈ చుట్టుపక్కల తాతల నాటి జోడుగొట్టాల తుపాకులున్న ఇళ్లు ఇంకా కొన్ని ఉన్నాయి. లైసెన్సు ఉంటుంది, తుపాకీ ఉంటుంది, పేల్చే ధైర్యం ఉండదు. పాత గొట్టం లోపల తుప్పు పట్టి, ఆ తుప్పు వదిలించడానికి రుద్ది రుద్ది, గోడ పల్చబడిపోతుంది. పల్చబడిన గొట్టంలో గుండు పేలితే ముందుకి పోదు, పక్కకి పోతుంది. అందుకని వాళ్లు గొట్టాల్ని కర్ర పిడి నుంచి విడదీసి, పాత దుప్పట్లో చుట్టి, రిక్షాలో ఆయన దగ్గరికి తెచ్చేవారు.

ఆయన గేజి ఆయనే తయారు చేసుకున్నాడు. ఒక చెక్క పీట, పీట మీద నిలువుగా సన్నటి ఉక్కు కడ్డీ, కడ్డీ చివర చిన్న గుండు. గొట్టాన్ని ఆ కడ్డీకి తొడిగితే గుండు లోపలి గోడకి ఆనుకుంటుంది. బయటి గోడకి గడియారంలాంటి డయలు ఆనుతుంది. లోపలి గుండుకీ బయటి డయలుకీ మధ్య ఉన్నదే గోడ. గొట్టాన్ని మెల్లగా తిప్పుతూ దించుతుంటే ముల్లు వణుకుతూ మందం చెబుతుంది. అత్త పాత పట్టుజాకెట్టులో చుట్టి, దేవుడి అలమర కింది అరలో దాచేవాడు దాన్ని. అత్త దాన్ని "నా సవితి" అనేది. "రాత్రి పడుకోబోయే ముందు ఓసారి దాని మొహం సూసి వస్తాడు. నా మొహం ఎప్పుడు సూసినాడో అడగండి," అనేది.

గొట్టం కడ్డీకి తొడగగానే వసారాలోంచి కేక వినిపించేది. "కుక్కర్లు బంద్!"

కుక్కరు కూత పెడితే చెయ్యి అదురుతుందట, చెయ్యి అదిరితే ముల్లు అబద్ధం చెబుతుందట. ఆయన కేకకి లైనంతా స్టవ్వులు ఆర్పేది. పక్కింటి బీహారీ అమ్మ "ఠీక్ హై, ఠీక్ హై" అంటూ ఫ్యాను కూడా ఆపేది. సగం ఉడికిన పప్పు పెట్టి, "ఇవాళ తుపాకీ కొలత అయింది," అంటే మగవాళ్లు నోరెత్తకుండా తినేవాళ్లు. కొలత లేని రోజుల్లో కూడా మేము ఆ సాకు వాడుకున్నాం. గూడ్సు బండి వస్తే మాత్రం ఆయన చేసేదేం లేదు. బండి పోయేదాకా కళ్లు మూసుకుని, జనరల్ మేనేజరు తనని స్వయంగా అవమానించినట్టు మొహం పెట్టి కూర్చునేవాడు. కొలత తేలాక, పాసైతే గొట్టం మీద సుద్దముక్కతో టిక్కు, ఫెయిలైతే అడ్డంగా గీత. గీత పడినవాళ్లు ఎంత బతిమాలినా, "గోడకి తగిలించుకో దాదా, అందంగా ఉంటాది," అనేవాడు.

ఇక మా సంగతి. మా ఆయన రైల్వే ఉద్యోగం రాని రైల్వే కొడుకు. చాలాకాలం ఆ పనీ ఈ పనీ చేసి, చివరికి ఒక సెక్యూరిటీ ఏజెన్సీలో కుదిరే అవకాశం వచ్చింది. విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర గన్‌మాన్ పని. సొంత తుపాకీ ఉన్నవాళ్లకే ఇస్తారు. మా మావగారి నుంచి వచ్చిన జోడుగొట్టాల తుపాకీ లైసెన్సు మా ఆయన పేరుకి మారి ఉంది. ఒకే ఒక్క షరతు, ఊరి బయట సాలువా అవతల ఏజెన్సీ సూపర్‌వైజరు ముందు రెండు గుళ్లు పేల్చి చూపించాలి.

మా ఇంట్లో ఆ తుపాకీ పేలగా ఎవరూ చూడలేదు. నాకు కావలసినవి రెండు. మా ఆయన ఉద్యోగం, మా ఆయన ఎడం చెయ్యి. తుపాకీ పేల్చేటప్పుడు గొట్టాల కింద పట్టుకునేది ఎడం చేత్తోనే. మందం చూపించకుండా గుమ్మం దాటనివ్వనని నేను మొండికేశాను.

థౌ తాత కొలిచాడు. లైను లైనంతా నిశ్శబ్దం. ముల్లు ఎక్కడా కిందికి దిగలేదు. ఆయన మొహం వెలిగిపోయింది.

"ముప్పై థౌ తగ్గనేదు కోడలు పిల్లా! ఇరవై ఉంటే సాలు. మా అన్న వొస్తువంటే వొస్తువే. నా సర్వీసులో ఇంత మంచి గోడ సూడనేదు. ఏనుగుని ఎదరెట్టి కొట్టమను!"

సుద్దముక్కతో టిక్కు పెట్టాడు. ఒకటి చాలక రెండు గొట్టాలకీ పెట్టాడు. నేను పాయసం చేశాను. ఆ వారమంతా గోల్ బజార్‌లో, టీ కొట్లో, మంగలి షాపులో ఆ ముప్పై థౌల కథే. నా గుండె కుదుటపడింది. ఆయన మాట మీద నాకు అంత గురి.

పేల్చవలసిన రోజుకి ముందు రోజు విశ్వకర్మ పూజ. మా ఊళ్లో ఆ రోజు పనిముట్టు అన్నది ఏదున్నా కడిగి, బొట్టు పెట్టి, రంగు వేయాల్సిందే. సైకిలు, కుట్టుమిషను, ఇనప గేటు, ఇస్త్రీపెట్టె, అన్నిటికీ ఒక కోటు పడాలి. రంగు కూడా బయట కొన్నది కాదు, రైలుపెట్టెల అడుగున పూసే నల్లటి మెరుపు రంగు, బ్లాక్ జపాన్. తరాల నుంచి పూసి పూసి మాకు రంగు అనేది వస్తువు మీద ఉండేదిగా తోచదు, వస్తువులో భాగమే. మా గేటు అసలు ఇనుము ఏ రంగో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ పొద్దున్న మా ఆయన తుపాకీ విడదీసి, గొట్టాల్ని పెరట్లో బట్టల తీగకి, నా జాకెట్ల పక్కన వేలాడదీసి, కుంచె పట్టుకుని పూత మొదలెట్టాడు. థౌ తాత కొత్త తెల్ల పంచె కట్టుకుని, చేతిలో బూందీ పొట్లంతో నవ్వుకుంటూ వచ్చాడు.

"ఏటిరా అది?"

"బ్లాక్ జపాన్ బాబాయ్. పెతి పూజకీ నాన్న ఓ కోటు ఏసీవోడు. అదే నానూ ఏస్తన్నాను."

"పెతి ఏడాదా?"

"పెతి ఏడాదీను. నాను పుట్టకముందు నించీ."

బూందీ పొట్లం జారి కింద పడింది. కాకి వచ్చింది. ఆయన దాన్ని అదిలించలేదు. తీగకి వేలాడుతున్న గొట్టాల వంకా, తన వేళ్ల వంకా, రంగు డబ్బా వంకా చూశాడు. తర్వాత తడి రంగు కారుతున్న గొట్టాల్ని తీగ మీంచి లాగి, పసిపిల్లని ఎత్తుకున్నట్టు గుండెలకి హత్తుకుని పరుగు లంకించుకున్నాడు.

ఆ వయసులో ఆయన పరుగెత్తగలడని మాకెవరికీ తెలియదు. ముందు ఆయన, వెనక కుంచెతో మా ఆయన, వెనక నేను. లైను మధ్యలో పూజ పందిరి దగ్గర మైకులో పాట ఆపేసి, తాత తుపాకీ దొంగిలించాడని ఎవరో అరిచారు. ఆయన వాళ్ల పెరటి స్నానాలగదిలో దూరి గడియ పెట్టేసుకున్నాడు.

"బాబాయ్, తలుపు తియ్యి!"

"తియ్యను. ఒలే, టర్పెంటైన్ సీసా అందుకో! గాజుముక్క అందుకో!"

అత్త వెంటిలేటర్లోంచి సీసా అందించింది, గాజుముక్క అందించింది. "కొత్త పంచెండీ!" అని మొత్తుకుంది. లోపల బరబరమని గీకుతున్న చప్పుడు. మా ఆయన తలుపు బాదుతున్నాడు. "రేపే పేల్సాలి, ఈవేళ ఏటీ పిచ్చి? టిక్కెట్టినావు కదా!" పందిరి దగ్గరి జనమంతా పెరట్లోకి వచ్చేశారు. వంటవాడు కిచిడీ గరిటెతో సహా వచ్చాడు.

చాలాసేపటికి గీకుడు ఆగింది. లోపల్నుంచి సన్నటి గొంతు వినిపించింది.

"నీ సవితిని అందుకో."

అత్త వెళ్లి, దేవుడి అలమరలోంచి పట్టుజాకెట్టు మూట తెచ్చి వెంటిలేటర్లోంచి దించింది. ఆయన కుక్కర్లు బంద్ అనలేదు. అనకుండానే ఇల్లిల్లూ స్టవ్వులార్పింది. పందిరి దగ్గర ఎవరో జనరేటరు కూడా ఆపేశారు. నేను మా ఆయన చొక్కా వెనక భాగం పట్టుకుని నిలబడ్డాను. ఎందుకు పట్టుకున్నానో నాకే తెలియదు.

తలుపు తెరుచుకుంది. నెత్తి నుంచి పంచె దాకా నల్లగా ఉన్నాడు, కళ్లు మాత్రం తెల్లగా ఉన్నాయి. చేతిలో గొట్టాలు బూడిదరంగులో, మొట్టమొదటిసారి ఇనుములా కనిపించాయి. ఒకచోట వేలు పెట్టి చూపించాడు. ఎప్పటిదో సొట్ట. దాన్ని ఎవరో అరగదీసి, లప్పం పెట్టి నున్నగా చేసి, దాని మీద ఏటేటా రంగు పూస్తూ వచ్చారు. ఆ ఎవరో మా మావగారే అయి ఉంటారు. ఆయన కూడా రైల్వే మనిషే, సొట్ట కనిపిస్తే లప్పం పెట్టకుండా ఉండలేరు.

"పన్నెండు," అన్నాడు థౌ తాత. "నాను గోడని కొలవనేదురా. లప్పాన్నీ రంగునీ కొలిసినాను."

ఊరంతా చెప్పుకున్న ముప్పై థౌలు అలా జనం మధ్య కారిపోయాయి. మంగలి కూడా అక్కడే ఉన్నాడు. ఎవరూ నవ్వలేదు.

మా ఆయనకి కోపం తలకెక్కింది. "పన్నెండైతే ఏటి? రెండు గుళ్లే కదా! నా ఉద్దోగం పోతాది బాబాయ్!"

థౌ తాత మా ఆయన ఎడం చెయ్యి పట్టుకుని, తుపాకీ పట్టుకున్నట్టే గొట్టాల కింద పెట్టాడు. వేళ్లు సరిగ్గా ఆ సొట్ట చుట్టూ ముడుచుకున్నాయి.

"పేలితే ఇక్కడే పేల్తాది. గొట్టాలికైతే నా దగ్గర గేజి ఉంది. ఈ సేతికి నేదు," అన్నాడు.

తర్వాత అడ్డంగా సుద్దగీత గీయడానికి జేబులో చెయ్యి పెట్టాడు. సుద్దముక్క కూడా నల్లబడిపోయింది. ఇంకో సుద్దముక్క కోసం పందిరి దగ్గరికి మనిషిని పంపాల్సి వచ్చింది.

నేను ఆ రోజు మా ఆయన ఉద్యోగం పోయిందని ఏడ్చాను. చెయ్యి మిగిలిందని ఏడ్చాను. ఏది ఎక్కువో చెప్పలేను. మర్నాడు పొద్దున్నే థౌ తాత చెవుల వెనక ఇంకా నలుపు వదలకుండానే, మా ఆయన్ని వెంటబెట్టుకుని ఏజెన్సీ సూపర్‌వైజరు దగ్గరికి వెళ్లాడు. "భూల్ ఆమార్, దాదా," తప్పు నాదేనని చెప్పి, కథంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. స్నానాలగది దగ్గరికి వచ్చేసరికి సూపర్‌వైజరు కుర్చీలో నవ్వు ఆపుకోలేక మెలికలు తిరిగిపోయాడట. నవ్వినవాడు కాదనలేడు. గన్‌మాన్ కాదు కానీ అదే గేటు దగ్గర విజిలూ లాఠీ ఉన్న పని ఇచ్చాడు. మా ఆయన మొహం మాడ్చుకునే తీసుకున్నాడు. సాయంత్రం ఆ లాఠీని థౌ తాత అటూ ఇటూ తిప్పి, చివర తట్టి చూసి, "ఇదీ సరుకంటే! లోపల బోలే నేదు," అని టిక్కు పెట్టాడు. అప్పటిదాకా ముడుచుకుని ఉన్న మా ఆయన అప్పుడు నవ్వాడు.

ఆ తర్వాత ఆయనకి కొత్త జబ్బు పట్టుకుంది. ఏదైనా సరే గీకి చూడనిదే కొలిచేవాడు కాదు. దోసెని గోటితో గీకేవాడు. పెళ్లికార్డు మీది బంగారు వినాయకుణ్ని గీకేవాడు. ఓ పెళ్లిలో పెళ్లికొడుకు చేతికి ఉన్న గడియారాన్ని గీకబోతే అత్త చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. "పైది తీసి కొలువురా," అని కనిపించినవాడికల్లా చెప్పేవాడు. ఆ తప్పు దాచుకోలేదు. అది కూడా తన గొప్పల్లో కలిపేసుకున్నాడు.

ఈ మధ్య ఆయాసం వస్తోందంటే డాక్టరు ఫోటోలు తీయించి, గుండె గోడ మందమైంది, జాగ్రత్తగా ఉండాలి అన్నాడు. ఆయన తిన్నగా మిఠాయి కొట్టుకి వెళ్లి రసగుల్లాల కుండతో ఇంటికొచ్చాడు.

"కోడలు పిల్లా, నా గుండె గోడ మందమంట! డాక్టరే సెప్పినాడు, మిషన్లో సూసి మరీ సెప్పినాడు."

"అది మంచిది కాదు మావయ్యా," అన్నాను.

"నీకేటి తెల్సు? గోడ మందమైతే ఎప్పుడైనా మంచిదే," అని నా నోట్లో రసగుల్లా కుక్కేశాడు. నమ్మే అన్నాడో, నన్ను ఊరుకోబెట్టడానికి అన్నాడో నాకు తెలియదు. ఆ మందమైన గోడే ఆయన్ని తీసుకుపోయింది.

భోజనాల దగ్గర వరస చివర నేను కూర్చున్నాను. వడ్డిస్తున్నది మా ఆయనే. ఎడం చేత్తో గారెల గంప అంచు పట్టుకుని, కుడిచేత్తో ఒక్కొక్కటీ వేస్తూ నా దాకా వచ్చాడు. నేను గారె పట్టుకుని అందరిలాగే ఒక కన్ను మూశాను. తెరిచిన కన్ను గారె మీద నిలవలేదు. గంప అంచు మీద మా ఆయన ఎడం చేతి వేళ్లు అయిదూ నూనె అంటుకుని మెరుస్తున్నాయి.

"ఏటే, బాగోనేదేటి?" అన్నాడు.

నేను ఇంకా ఆ వేళ్ల వంకే చూస్తున్నాను. గుమ్మంలోంచి అత్త నన్నే చూస్తోంది. ఆవిడ కూడా ఆ వేళ్లనే చూసింది.

"బాగుంది అను, లేపోతే పైనించి ఆయనొచ్చి గీకుతాడు," అంది అత్త. "ఇంకోటి ఎయ్యిరా దానికి."

మా ఆయన ఇంకోటి వేశాడు.